గన్నవరం పరిసర సాగుభూముల్లో వ్యర్థజల భూశుద్ధి విస్తరణ: మృత్తిక మదింపు, అనుమతుల పరిశీలన

సారాంశం

శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని సాగుభూమికి పారించి, నేల, పంటల ద్వారా మిగిలిన శుద్ధిని పూర్తి చేసే పద్ధతిని భూశుద్ధి అంటారు. ఒక పరిశ్రమ తన ఉత్పత్తిని పెంచినప్పుడు వ్యర్థజలం పెరుగుతుంది. దానికి తగినట్లు భూమి విస్తీర్ణాన్ని కూడా పెంచి అనుమతి కోరడం పరిపాటి. గన్నవరం ప్రాంతంలో ఉత్తరాన మెట్ట ఎర్ర నేలలు, దక్షిణాన డెల్టా నల్లరేగడి నేలలు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కలుస్తాయి. ఇటువంటి చోట హెక్టారుకు హెక్టారు సమానం కాదని, ఎర్ర నేలలో నత్రజని, నల్ల నేలలో నీరు, లవణాలు హద్దును నిర్ణయిస్తాయని ఈ వ్యాసం ఒక ఉదాహరణ లెక్కతో వివరిస్తుంది. ప్రస్తుత ప్రమాణాలు ఏ అంశాలను స్పృశించవో, వాటిని సమ్మతి షరతుల్లో ఎలా చేర్చవచ్చో సూచిస్తుంది.

ఉపోద్ఘాతం

విజయవాడకు తూర్పున జాతీయ రహదారిపై ఉన్న గన్నవరం ఒకప్పుడు పూర్తిగా వ్యవసాయ ప్రాంతం. నేడు విమానాశ్రయం, పశువైద్య కళాశాల, విద్యాసంస్థలు, ఆహార, పాడి ఆధారిత పరిశ్రమలు, కొత్త నివాస ప్రాంతాలు ఆ భూముల మధ్య విస్తరిస్తున్నాయి. వీటన్నిటి నుంచి వచ్చే వాడిన నీటికి గమ్యం కావాలి. ఈ ప్రాంతపు సహజ పారుదల చాలావరకు బుడమేరు వైపు, అక్కడి నుంచి కొల్లేరుకు సాగుతుంది. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. అందువల్ల మురుగు కాల్వలోకి వదలడం కంటే భూమికి పారించడం మేలన్న ఆలోచన సహజమే. పశుగ్రాసానికి ఎల్లప్పుడూ గిరాకీ ఉన్న ప్రాంతంలో ఈ నీరు, ఇందులోని పోషకాలు రైతుకు కూడా ఉపయోగపడతాయి.

అయితే భూమి అనేది విసర్జన స్థలం కాదు. అది శుద్ధి యంత్రంలో ఒక భాగం. యంత్రానికి సామర్థ్యం ఉన్నట్లే భూమికీ ఉంది. ఆ సామర్థ్యాన్ని కొలవకుండా విస్తరణకు అనుమతి ఇస్తే, మిగులు నీరు చివరికి అదే బుడమేరులోకి, లేదా అంతకంటే కనబడని చోటికి, అంటే బావుల్లోకి చేరుతుంది. డెల్టా గ్రామాల్లో కాలువ నీటితో నిండే చెరువులు తాగునీటికి ఆధారం కాగా, మెట్ట గ్రామాలు ఎక్కువగా బోరు బావులపై ఆధారపడతాయి. కనుక మెట్టలో జరిగే పొరపాటుకు మూల్యం చెల్లించేది ఆ ఊరి తాగునీరే.

భూశుద్ధి, సాగునీటి వాడకం: భేదం

సాగునీటి వాడకంలో పంటకు ఎంత నీరు కావాలో అంతే ఇస్తారు. పంటకు అక్కరలేని రోజున నీరు ఆపుతారు. భూశుద్ధిలో ప్రతిరోజూ వచ్చే నీటిని ఏదో విధంగా నిర్వహించవలసి ఉంటుంది. కర్మాగారం ఆదివారం ఆగవచ్చు గాని వర్షాకాలమంతా ఆగదు. ఈ ఒక్క భేదమే రెండింటి రూపకల్పనను వేరు చేస్తుంది. భూశుద్ధిలో నీరు ఎక్కువైన రోజుల్లో దానిని నిలువ చేసే చెరువు, పొలం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

భూశుద్ధిలో మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. పంట పొలానికి తక్కువ మోతాదులో నీరు పారించే మంద పద్ధతి మొదటిది. వాలు నేలపై గడ్డి మీదుగా పలుచగా నీటిని ప్రవహింపజేయడం రెండవది. ఇసుక నేలల్లో గుంటల ద్వారా వేగంగా ఇంకించడం మూడవది. గన్నవరం పరిసరాల్లో భూగర్భజలం తాగునీటి వనరు కావడం వల్ల మూడవ పద్ధతి తగదు. మంద పద్ధతే ఆచరణీయం.

ఈ విషయంలో ఇతర దేశాల అనుభవం గమనించదగినది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరం 1897లో వెరిబీ వద్ద మురుగునీటి క్షేత్రాన్ని ప్రారంభించింది. అక్కడ ఆవిరి ఎక్కువగా ఉండే వేసవిలో నీటిని నేలలోకి ఇంకించేవారు. చలికాలంలో గడ్డి మీదుగా ప్రవహింపజేసేవారు. ప్రవాహం మరీ ఎక్కువైనప్పుడు చెరువుల్లో నిలువచేసి శుద్ధి చేసేవారు. ఋతువును బట్టి పద్ధతి మార్చడం ఆ క్షేత్రం దశాబ్దాల పాటు పనిచేయడానికి ముఖ్య కారణం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయం 1960ల నుంచి శుద్ధజలాన్ని పొలాలకు, అడవికి పారించి పరిశోధనలు చేసింది. ఏళ్ల తరబడి చేసిన కొలతల తరువాతనే 1983 నుంచి పూర్తి స్థాయిలో ఆ పద్ధతిని అమలుపరచింది. ముందు కొలత, తరువాత విస్తరణ అన్న క్రమం ఇందులో స్పష్టం.

మన ప్రాంతంలో హైదరాబాదు దిగువన మూసీ నీటితో జరిగే సాగు దీనికి భిన్నమైన ఉదాహరణ. అక్కడ ప్రణాళిక లేకుండా నగర మురుగే సాగునీరైంది. లవణాలను తట్టుకునే పారా గడ్డి పెద్ద విస్తీర్ణంలో పెరిగి నగర పాడి పశువులకు మేతయింది. దానిపై ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. వరికి మాత్రం లవణాలు సమస్యగా మారాయి. పటాన్‌చెరు ప్రాంతంలో పారిశ్రామిక వ్యర్థాల వల్ల నక్కవాగు పరీవాహక గ్రామాల పొలాలు, బావులు కలుషితమైన చరిత్ర మరింత తీవ్రమైనది. సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న ఆహార పరిశ్రమల నీటిని నేల శుద్ధి చేయగలదు. భార లోహాలు, విష రసాయనాలు ఉన్న నీటిని చేయలేదు. అటువంటి నీరు భూశుద్ధి పరిధిలోకే రాకూడదు.

గన్నవరం నేలల స్వరూపం

గన్నవరం నుంచి ఉత్తరంగా ఆగిరిపల్లి, నూజివీడు వైపు వెళ్లేకొద్దీ మామిడి తోటలకు ప్రసిద్ధమైన మెట్ట భూములు, ఎర్ర గరప నేలలు కనిపిస్తాయి. దక్షిణంగా ఏలూరు కాలువ దాటి కంకిపాడు, ఉయ్యూరు వైపు వెళ్తే వరి, చెరకు పండే నల్లరేగడి, ఒండ్రు నేలలు వస్తాయి. రెండింటి మధ్య ఎర్ర, నల్ల నేలలు కలిసిన మిశ్రమ భూములుంటాయి. ఒకే సర్వే నంబరులో ఎగువ మడి ఎర్రగా, దిగువ మడి నల్లగా ఉండటం ఇటువంటి చోట్ల అరుదు కాదు.

ఎర్ర నేలలోని బంకమట్టి ప్రధానంగా కేయోలినైట్ జాతికి చెందినది. అది ఉబ్బదు, కుంచించుకుపోదు. నీరు తేలికగా ఇంకుతుంది. కాని పోషకాలను పట్టి ఉంచే ధన అయాన మార్పిడి సామర్థ్యం తక్కువ. పైపొర కింద గ్రావెల్ లేదా శిథిల శిల తగిలితే, అక్కడి నుంచి నీరు ఎటు పోతుందో పైనుంచి చూసి చెప్పలేము. ఈ నేల నీటిని సులభంగా స్వీకరిస్తుంది. అందులోని నైట్రేటును కూడా అంతే సులభంగా కిందికి వదులుతుంది.

నల్లరేగడిలోని బంకమట్టి మాంట్‌మొరిల్లోనైట్ జాతికి చెందినది. దీనికి మార్పిడి సామర్థ్యం ఎన్నో రెట్లు ఎక్కువ. కనుక ఇది మంచి వడపోత నేల అన్న అభిప్రాయం కలుగుతుంది. కాని దీనికి రెండు రూపాలున్నాయి. వర్షాకాలంలో ఉబ్బి, రంధ్రాలు మూసుకుపోయి, నీటిని దాదాపు స్వీకరించదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండి, లోతైన నెర్రెలు విచ్చుతుంది. ఆ దశలో ఒక్కసారిగా పారించిన నీరు నేల కణాలను తాకకుండానే నెర్రెల గుండా అడుగుకు జారుతుంది. వడపోత జరగదు. అంటే ఈ నేల ఒక కాలంలో తలుపు మూసుకుంటుంది, మరొక కాలంలో తలుపు బార్లా తెరుస్తుంది. అదీగాక కాలువలకు నీరు వదిలిన తరువాత సార్వా వరి కాలమంతా డెల్టాలో భూగర్భజల మట్టం పైకి వచ్చి ఉంటుంది. వేళ్ల కింద ఖాళీ లేని నేలకు శుద్ధి చేయడానికి స్థలం ఉండదు.

క్షేత్ర మదింపు

అనుమతి కోరే ప్రతి కొత్త సర్వే నంబరుకూ మదింపు విడివిడిగా జరగాలి. పాత పొలం నివేదికను కొత్త పొలానికి వర్తింపజేయడం సరికాదు. మదింపులో కనీసం ఈ క్రింది అంశాలుండాలి.

మొదటిది, నేల పొరల పరిశీలన. కనీసం ఒకటిన్నర మీటరు లోతున గుంటలు తీసి ప్రతి పొర రంగు, మట్టి తరగతి, నిర్మాణం, సున్నపు కంకర, గ్రావెల్ ఏ లోతున ఉన్నాయో నమోదు చేయాలి. నేల రంగు లేదా వాలు మారిన ప్రతిచోటా వేరే గుంట అవసరం. మొత్తం వ్యవస్థ సామర్థ్యాన్ని నిర్ణయించేది పైపొర కాదు; నీటిని అన్నిటికంటే నెమ్మదిగా వదిలే పొర. దీనిని ఈ వ్యాసంలో నియంత్రక పొర అని పేర్కొనడమైనది.

రెండవది, ఇంకుడు వేగం. జంట వలయాల పరికరంతో పైపొరలోనూ, తగిన పద్ధతిలో నియంత్రక పొరలోనూ కొలవాలి. నల్లరేగడిలో ఈ కొలత రెండు కాలాల్లో, అంటే నెర్రెలు విచ్చిన వేసవిలోనూ, నేల తడిసి ఉబ్బిన తరువాతనూ జరగాలి. మే నెలలో ఒక్కసారి కొలిచిన వేగాన్ని ఏడాది పొడవునా వర్తింపజేస్తే లెక్క మొత్తం తారుమారవుతుంది.

మూడవది, రసాయన పరీక్షలు. ఉదజని సూచిక, విద్యుద్వాహకత, మార్పిడి సోడియం శాతం, మార్పిడి సామర్థ్యం, సేంద్రియ కర్బనం, సున్నం, లభ్య నత్రజని, భాస్వరం, పొటాష్, భార లోహాలను నీరు పారించక ముందే నమోదు చేయాలి. ఇది ప్రారంభ స్థితి పత్రం. పది సంవత్సరాల తరువాత నేల చెడిందా లేదా అన్న వివాదం వచ్చినప్పుడు ఈ పత్రమే ఆధారం.

నాలుగవది, భూగర్భజలం. వేసవి చివరలోనూ, వర్షాల తరువాతనూ నీటి మట్టం ఎంత లోతున ఉందో తెలియాలి. నీరు ప్రవహించే దిశకు ఎగువన ఒకటి, దిగువన రెండు పరిశీలన బావులు తవ్వి, నైట్రేటు, లవణాల ప్రారంభ స్థాయిని నిర్ధారించాలి. సమీప తాగునీటి బావుల స్థానాలను పటంపై గుర్తించాలి.

ఐదవది, వరద. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక ప్రాంతాలను ముంచిన సంగతి విదితమే. భూశుద్ధి క్షేత్రం గాని, నిలువ చెరువు గాని ముంపు పరిధిలో ఉంటే, ఏళ్ల తరబడి కూడబెట్టిన మురుగు ఒక్క రాత్రిలో ఊరి మీద పడుతుంది. ముంపు చరిత్రను ఊరి పెద్దల నుంచి, జలవనరుల శాఖ రికార్డుల నుంచి సేకరించి నివేదికలో చేర్చాలి.

మోతాదు నిర్ణయం: ఒక ఉదాహరణ లెక్క

ఈ క్రింది లెక్క పద్ధతిని వివరించడానికి ఎన్నుకున్న అంకెలతో రూపొందించినది. ఏ నిర్దిష్ట సంస్థకూ సంబంధించినది కాదు. ఒక పాల ఆధారిత కర్మాగారం రోజుకు 500 ఘనపు మీటర్ల శుద్ధజలాన్ని 20 హెక్టార్ల ఎర్ర నేలలోని పశుగ్రాసానికి పారిస్తున్నదనుకుందాం. ఉత్పత్తి రెట్టింపు చేయదలచి, అదనపు 500 ఘనపు మీటర్ల కోసం కాలువ దిగువన మరో 20 హెక్టార్ల నల్లరేగడిని చేర్చి అనుమతి కోరిందనుకుందాం. నీరు రెట్టింపు, భూమి రెట్టింపు. కాగితంపై లెక్క సరిపోయింది.

నీటి సమతుల్యతను ముందుగా చూడాలి. నేలకు ఇవ్వగల నీరు మూడు అంశాలపై ఆధారపడుతుంది: పంట, నేల నుంచి ఆవిరయ్యేది, కురిసే వాన, కిందికి ఇంకేది. ఆవిరి నుంచి వానను తీసివేసి, ఇంకుడును కలిపితే మోతాదు వస్తుంది. నియంత్రక పొరలో కొలిచిన వేగంలో 4 నుంచి 10 శాతాన్ని మాత్రమే రూపకల్పనకు తీసుకోవాలన్నది అంతర్జాతీయంగా అనుసరిస్తున్న నియమం. పరీక్షలో మంచి నీరు వాడతారు. పొలంలో సేంద్రియ పదార్థంతో రంధ్రాలు క్రమంగా పూడుకుంటాయి, నేలకు ఆరే విరామం కూడా కావాలి. అందుకే ఈ జాగ్రత్త.

ఎర్ర నేలలో నియంత్రక పొర వేగం గంటకు 0.5 సెం.మీ. అనుకుంటే, రోజుకు 12 సెం.మీ. అందులో 4 శాతం అంటే రోజుకు 4.8 మి.మీ. డిసెంబరు నుంచి జూన్ వరకు 212 రోజులు పారించవచ్చు. రోజుకు 5 మి.మీ. చొప్పున ఆవిరి 1060 మి.మీ., ఆ కాలపు వాన 200 మి.మీ., ఇంకుడు సుమారు 1018 మి.మీ. మొత్తం మోతాదు సుమారు 188 సెం.మీ.

నల్లరేగడిలో తడిసిన దశ వేగం గంటకు 0.02 సెం.మీ. అనుకుంటే, 4 శాతం లెక్కన రోజుకు 0.19 మి.మీ. మాత్రమే. జనవరి నుంచి మే వరకు 151 రోజులే పారించడానికి వీలు. ఆవిరి 755 మి.మీ., వాన 75 మి.మీ., ఇంకుడు 29 మి.మీ. మొత్తం సుమారు 71 సెం.మీ. వేసవిలో నెర్రెలు విచ్చకుండా తేలికపాటి తడులను తరచుగా ఇస్తేనే ఇది సాధ్యం.

ఇప్పుడు నత్రజనిని చూడాలి. నీటిలో లీటరుకు 40 మి.గ్రా. మొత్తం నత్రజని ఉంటే, హెక్టారుకు ఒక సెంటీమీటరు నీటితో 4 కిలోల నత్రజని చేరుతుంది. కోసి తరలించే పశుగ్రాసం ఏడాదికి 300 కిలోలు తీసుకుంటుందని, ఇచ్చిన దానిలో ఐదవ వంతు వాయురూపంలో పోతుందని అనుకుంటే, హెక్టారు 375 కిలోలను నిర్వహించగలదు. అంటే 94 సెం.మీ. నీరు.

రెండు లెక్కలను పక్కపక్కన పెడితే అసలు విషయం తెలుస్తుంది. ఎర్ర నేల 188 సెం.మీ. నీటిని మింగగలదు, కాని 94 సెం.మీ. వద్దనే ఆపాలి. నేల ఇంకించుకుంటున్నది కదా అని మొత్తం పారిస్తే ఏడాదికి హెక్టారుకు సుమారు 302 కిలోల నత్రజని మిగిలి కిందికి దిగుతుంది. వాన నీటితో పలచబడక ముందు ఆ ఇంకుడు నీటిలో లీటరుకు సుమారు 30 మి.గ్రా. నత్రజని ఉంటుంది. తాగునీటి ప్రమాణంలో నైట్రేటుకు హద్దు లీటరుకు 45 మి.గ్రా.; నత్రజనిగా చూస్తే సుమారు 10 మి.గ్రా. అంటే దాదాపు మూడు రెట్లు. పసిపిల్లలకు ఈ నీరు ప్రాణాపాయం కలిగించగలదు. నల్ల నేలలో నత్రజని హద్దు చేరకముందే, 71 సెం.మీ. వద్ద, నీటి హద్దు వచ్చేస్తుంది.

ఇక విస్తీర్ణం. ఏడాదికి 1,82,500 ఘనపు మీటర్ల నీటికి ఎర్ర నేల 19.4 హెక్టార్లు కావాలి. ఉన్న 20 హెక్టార్లు సరిపోతాయి. అదే నీటికి నల్ల నేల 25.7 హెక్టార్లు కావాలి. కాగితంపై చూపిన 20 హెక్టార్లు 1,42,000 ఘనపు మీటర్లనే స్వీకరిస్తాయి. మిగిలిన 40,500 ఘనపు మీటర్లకు, అంటే 81 రోజుల ప్రవాహానికి, అనుమతి పత్రంలో చోటు లేదు. ఆ నీరు పక్క మురుగు కాల్వను వెతుక్కుంటుంది.

నిలువ సంగతి కూడా ఇటువంటిదే. ఎర్ర నేలకు పారించలేని 153 రోజులకు 76,500 ఘనపు మీటర్లు, నల్ల నేలకు 214 రోజులకు 1,07,000 ఘనపు మీటర్ల చెరువు కావాలి. చెరువులో పడే వాన దీనికి అదనం. నాలుగు మీటర్ల లోతున తవ్వినా రెండింటికీ కలిపి 4.6 హెక్టార్ల నీటి విస్తీర్ణం అవసరం. గట్లు, దారి, రక్షణ పట్టీ వేరు. విస్తరణ దరఖాస్తుల్లో తరచుగా విస్మరించబడేది ఈ చెరువే. గన్నవరంలో మరొక అంశమూ ఉంది. తెరిచిన నీటి చెరువు పక్షులను ఆకర్షిస్తుంది. విమాన మార్గాలకు సమీపంలో అది ప్రమాదకరం. స్థలం ఎంపికకు ముందే విమానాశ్రయ అధికారుల అభిప్రాయం తీసుకోవడం అవసరం.

లవణాలు, సోడియం

నత్రజనిని పంట తీసుకుంటుంది, సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటాయి. లవణాలకు అటువంటి గతి లేదు. లీటరుకు 1000 మి.గ్రా. కరిగిన లవణాలున్న నీటిని 71 సెం.మీ. పారిస్తే, హెక్టారుకు ఏడాదికి 7.1 టన్నుల లవణం చేరుతుంది. ఎర్ర నేలలో వర్షాకాలపు వాన దానిని కిందికి కడుగుతుంది. ఆ భారం భూగర్భజలంపై పడుతుంది. ఉబ్బిన నల్ల నేలలో కడగడం స్వల్పం. లవణం వేళ్ల మండలంలోనే నిలుస్తుంది.

పాడి, ఆహార పరిశ్రమల్లో పాత్రలు, గొట్టాలు కడగడానికి కాస్టిక్ సోడా వాడతారు. దాని సోడియం వ్యర్థజలంలో కలుస్తుంది. సోడియం బంకమట్టి కణాలను విడదీసి నేల రంధ్రాలను మూస్తుంది. మార్పిడి సోడియం 15 శాతం దాటిన నేలను క్షార నేలగా పరిగణిస్తారు. ఉబ్బే స్వభావమున్న నల్లరేగడిలో అంతకంటే తక్కువ శాతంలోనే నష్టం మొదలవుతుంది. గమనించవలసిన విషయమేమంటే, వ్యర్థజలం పారుతున్నంతకాలం అందులోని లవణాలే కణాలను దగ్గరగా పట్టి ఉంచుతాయి. లవణం లేని వాన నీరు పడిన రోజున నేల ఒక్కసారిగా బిగుసుకుంటుంది. వేసవి పరీక్షలో బాగున్న నేల జూలైలో నీరు నిలిచిపోవడానికి కారణం ఇదే.

సాగునీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో సోడియం అధిశోషణ నిష్పత్తికి 26, విద్యుద్వాహకతకు సెంటీమీటరుకు 2250 మైక్రోమోలు, బోరాన్‌కు లీటరుకు 2 మి.గ్రా. గరిష్ఠ హద్దులు. నల్లరేగడికి 26 అన్న నిష్పత్తి ఉదారమైనది. క్షేత్ర మదింపును బట్టి అంతకంటే తక్కువ హద్దును షరతుగా విధించడం మంచిది. కాస్టిక్ సోడా కడుగు నీటిని విడిగా మళ్లించడం, కొంతమేర పొటాషియం ఆధారిత శుభ్రకాలు వాడటం, పరీక్ష ఫలితాన్ని బట్టి జిప్సం వేయడం నివారణ మార్గాలు. వీటిలో మొదటిది చౌకైనది. సమస్య పుట్టిన చోటే ఆగుతుంది.

అనుమతులు: చట్టం చెప్పేది, చెప్పనిది

1974 జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టంలోని 25వ సెక్షను ప్రకారం ప్రవాహంలోకి, బావిలోకి, మురుగు వ్యవస్థలోకి మాత్రమే గాక భూమిపైకి వ్యర్థజలాన్ని వదలడానికి కూడా రాష్ట్ర మండలి ముందస్తు సమ్మతి కావాలి. శుద్ధి, విసర్జన వ్యవస్థ విస్తరణ, చేర్పులకూ ఇదే నిబంధన వర్తిస్తుంది. కనుక కొత్త పొలం చేర్చడం పాత సమ్మతిలో ఇమిడిపోయే విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో స్థాపన సమ్మతి, తరువాత నిర్వహణ సమ్మతి అనే రెండు దశలున్నాయి. మృత్తిక మదింపు స్థాపన సమ్మతి దశలోనే పూర్తికావాలి. చెరువు తవ్వి, గొట్టాలు వేసిన తరువాత నేల తగదని తేలితే ఎవరికీ ప్రయోజనం లేదు.

ఇదే చట్టంలోని 17వ సెక్షను రాష్ట్ర మండలి విధుల్లో, ఆయా ప్రాంతాల నేలలు, వాతావరణం, జలవనరుల ప్రత్యేక పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని శుద్ధి పద్ధతులను రూపొందించడాన్ని, వ్యవసాయంలో మురుగునీటి వినియోగ పద్ధతులను అభివృద్ధి చేయడాన్ని పేర్కొంది. నేలను బట్టి షరతు మార్చడం చట్టం ఉద్దేశానికి అనుగుణమైనదే.

పర్యావరణ పరిరక్షణ నిబంధనలు, 1986లోని ఆరవ షెడ్యూలు సాధారణ ప్రమాణాలను నిర్దేశిస్తుంది. లోతట్టు జలాల్లోకి వదిలే పారిశ్రామిక నీటికి బి.ఓ.డి. హద్దు లీటరుకు 30 మి.గ్రా. కాగా, సాగుభూమికి వదిలే నీటికి 100 మి.గ్రా.; తేలియాడే ఘనపదార్థాలకు వరుసగా 100, 200 మి.గ్రా. మిగిలిన శుద్ధిని నేల చేస్తుందన్న నమ్మకమే ఈ సడలింపునకు ఆధారం. అయితే లోతట్టు జలాల వరుసలో నత్రజనికి హద్దులుండగా, సాగుభూమి వరుసలో లేవు. పై లెక్కలో ఎర్ర నేల సామర్థ్యాన్ని నిర్ణయించింది నత్రజనే. అంటే ప్రమాణాలన్నీ పాటించిన నీరు సైతం మెట్ట బావిని చెరచగలదు. ఈ లోటును సమ్మతి షరతుల ద్వారానే పూరించాలి. ఊరి మురుగునీటి విషయంలో 2017లో జారీ అయిన శుద్ధి కేంద్రాల ప్రమాణాలు భూమిపై వాడకానికి కూడా వర్తిస్తాయి. పచ్చిగా తినే కూరగాయలకు ఆ నీటిని వాడకుండా నిషేధించడం ఆరోగ్యరీత్యా అవసరం.

విధానాలు మారవచ్చునన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2003లో కేంద్రం రూపొందించిన పర్యావరణ బాధ్యతా పత్రంలో డిస్టిలరీల వ్యర్థజలాన్ని పొలాలకు పారించడానికి అవకాశముండేది. తరువాతి సంవత్సరాల్లో నియంత్రణ సంస్థలు ఆ పరిశ్రమలో బయటికి చుక్క వదలని విధానం వైపు మళ్లాయి. పొలం ద్వారా విసర్జన శాశ్వత హక్కు కాదు. ఫలితాలు చూపినంతకాలమే నిలిచే సౌకర్యం.

విస్తరణ సమ్మతిలో చేర్చదగిన షరతులను ఇలా క్రోడీకరించవచ్చు:

1. ప్రతి నేల తరగతికి వేర్వేరుగా వార్షిక నీటి, నత్రజని మోతాదు హద్దులు.
2. నెలవారీ పారకం పట్టిక. నిషిద్ధ నెలలు, వాన కురిసిన తరువాత విరామ దినాల నిర్దేశం.
3. నిలువ చెరువు పూర్తయిన తరువాతనే ఉత్పత్తి పెంపు.
4. పొలానికి చేరే నీటిపై ప్రవాహ మీటరు. కర్మాగారం ద్వారం వద్ద ఉన్న మీటరు చాలదు.
5. పరిశీలన బావుల్లో ఏడాదికి కనీసం రెండుసార్లు నైట్రేటు, లవణాల పరీక్ష. ఏటా నేలలో మార్పిడి సోడియం శాతం పరీక్ష.
6. హద్దు చేరితే మోతాదు దానంతట తగ్గే నియమం. హద్దు దాటిన తరువాత నోటీసు ఇచ్చే పద్ధతి కంటే ఇది మేలు.

2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో గన్నవరం కృష్ణా జిల్లాలో, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. బుడమేరు ఈ హద్దులను పట్టించుకోదు. పారుదల ప్రభావాన్ని పరీవాహక ప్రాంతం మొత్తానికి కలిపి చూడటం వాంఛనీయం.

రైతుతో ఒప్పందం

కర్మాగారానికి సొంత భూమి చాలనప్పుడు రైతుల పొలాలు ఒప్పందంపై తీసుకుంటారు. రైతుకు నీరు ఉచితం, ఎరువు ఖర్చు ఆదా. కాని ఒప్పందంలో నీరు తీసుకునే బాధ్యత ఏడాది పొడవునా ఉంటే, పంట కోతకు వచ్చిన రోజున కూడా మడిలో నీరు నిలుస్తుంది. రైతుకు నీరు వద్దనే హక్కు ఉండాలి. ఆ హక్కును నిలువ చెరువు భరించాలి. ఒప్పంద కాలం సమ్మతి కాలం కంటే తక్కువైతే భూమి చేజారిన మరునాడు సమ్మతి అర్థరహితమవుతుంది. కౌలుదారు సాగుచేస్తున్న భూమిలో యజమాని సంతకం ఒక్కటే సరిపోదు. నీటిలో దిగి పనిచేసేది కౌలుదారు, కూలీలే. వారికి కాళ్లకు బూట్లు, చేతి తొడుగులు, వైద్య పరీక్షలు అందాలి. ప్రారంభ స్థితి పత్రం ప్రతి రైతుకు తెలుగులో ఇవ్వాలి. ఒప్పందం ముగిసేనాటికి మార్పిడి సోడియం, లవణాల స్థాయి పెరిగి ఉంటే నేలను బాగుచేసే ఖర్చు ఎవరిదో ముందే రాసుకోవాలి.

వరి కంటే బహువార్షిక పశుగ్రాసాలు ఈ పద్ధతికి అనుకూలం. హైబ్రిడ్ నేపియర్ వంటివి పలుమార్లు కోతకు వచ్చి నత్రజనిని పొలం నుంచి బయటికి తీసుకుపోతాయి. కోసిన గడ్డిని తరలించకపోతే నత్రజని తిరిగి నేలకే చేరుతుంది. కనుక కోత రికార్డు కూడా మోతాదు లెక్కలో భాగమే. గడ్డిలో నైట్రేటు ఎక్కువైతే పశువులకు హానికరం కావడం వల్ల, మేత నమూనాల పరీక్షకు సమీపంలోని పశువైద్య కళాశాల నిపుణుల సహకారం ఉపయుక్తం.

ముగింపు

గన్నవరం వంటి నేలల సంధిలో వ్యర్థజల భూశుద్ధిని విస్తరించడం అసాధ్యం కాదు. విస్తీర్ణాన్ని కొలమానంగా తీసుకుంటే మాత్రం ప్రమాదకరం. నియంత్రక పొర, పారించలేని నెలలు, నత్రజని, సోడియం అనే నాలుగింటిలో ఏది ముందుగా హద్దు చేరుతుందో దానినే ఆ పొలం సామర్థ్యంగా పరిగణించాలి. ఒక సర్వే నంబరులో అది నత్రజని కావచ్చు, పక్క నంబరులో నీరు కావచ్చు. సమ్మతి గడువు కొన్నేళ్లలో ముగిసి పునరుద్ధరణకు వస్తుంది. చౌడెక్కిన రేగడిని, నైట్రేటు చేరిన బావిని బాగుచేయడానికి ఒక తరం పట్టవచ్చు. దరఖాస్తు పరిశీలనలో మొదటి ప్రశ్న ఎన్ని హెక్టార్లు అని గాక, ఏ నేల, ఏ నెల అని ఉండటం శ్రేయస్కరం.